నా తరఫున ఒకటి

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించేవాళ్ళు లోకంలో బోలెడుమంది. మా బాబాయి పట్టిన కుందేలుకి మాత్రం అయిదు. నాలుగు దేవుడి తరఫున, ఒకటి ఆయన తరఫున.

ఎవరు ఏ పని చెప్పినా మా బాబాయి కాదనడు. చేసి పెడతాడు. కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యడమంటే ఆయన దృష్టిలో తల తాకట్టు పెట్టడమే. అందుకని చెప్పినదానికి తన సొంతంగా ఇంకొకటి కలుపుతాడు. కలిపాక అది ఇక ఎదుటివాళ్ళ ఆజ్ఞ కాదు, తన నిర్ణయం. పిన్ని అరడజను నిమ్మకాయలు తెమ్మంటే ఏడు తెస్తాడు. ముందుగదికి తెల్లరంగు వేయించమంటే మూడు గోడలకి తెల్లరంగు వేయించి, నాలుగోదానికి చిలకపచ్చ వేయించాడు. "ఇదేం రంగండీ!" అని పిన్ని నెత్తీ నోరూ కొట్టుకుంటే, "ఆ మూడూ నీ తరఫున. ఇది నా తరఫున," అన్నాడు. ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది. దానికి వీపు పెట్టి కూర్చోవడం పిన్నికి అలవాటైపోయింది.

ఒకసారి కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు. బాబాయి స్కూటరు ఆపాడు. ఆపి, దిగి, స్టాండు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పచ్చదీపం వెలిగింది. వెనక హారన్ల మోత. వెనక సీటుమీద కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కదలవయ్యా బాబూ!" అన్నాడు పోలీసు.

"కదులుతాను. ఆగమన్నారు, ఆగాను. దిగడం నా తరఫున."

పోలీసు కూడా తక్కువవాడు కాదు. "అలాగా? అయితే జరిమానా నా తరఫున," అని కాగితం చింపి చేతిలో పెట్టాడు. ఆ పోలీసంటే బాబాయికి ఇప్పటికీ గౌరవమే. మనిషంటే అలా ఉండాలి అంటాడు.

బాబాయిది లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి తెరలు, ఆఫీసువాళ్ళ చొక్కాలు వస్తాయి. నేను ఆయన అన్నగారి కూతుర్ని. కౌంటరు దగ్గర కూర్చుని బట్టలకి చీటీలు కడతాను, మధ్యమధ్య తిట్లు తింటాను. తిట్లన్నీ గుండీల గురించే. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసిమ్మని ఎవరైనా ఇస్తే, బాబాయి దాని గుండీలన్నీ తడిమి చూస్తాడు. ఊడిపోయినది ఉంటే కుట్టి పంపిస్తాడు. డబ్బాలో చెయ్యి పెడితే ఏది తగిలితే అది. ఒక వకీలుగారి తెల్లచొక్కాకి ఎర్రగుండీ పడింది, అదీ సరిగ్గా బొడ్డు దగ్గర.

"జడ్జిగారు నా మొహం చూళ్ళేదమ్మా! వాదన జరిగినంతసేపూ నా పొట్టే చూశారు!" అని ఆ వకీలు కౌంటరు మీద గుద్దాడు.

"కేసేమైంది?" అని లోపల్నించి బాబాయి గొంతు.

వకీలు కౌంటరు మీంచి చెయ్యి తీసేశాడు. "గెలిచాం."

"మరింకేం! ఇస్త్రీ డబ్బులు మాత్రం ఇచ్చి వెళ్ళండి. గుండీ నా తరఫున."

ఈ మనిషికి బీపీ వచ్చింది. కొత్త కళ్ళద్దాలకోసం కంటి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన కంట్లోకి చూసి, అనుమానపడి, బీపీ కొలిచి, "ముందు ఇది చూపించుకోండి, అద్దాల సంగతి తర్వాత," అని డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు. ఆవిడ నెమ్మదైన మనిషి. రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోండి, ఉప్పు తగ్గించండి, అరగంట నడవండి అంది.

"ఒక మాత్రేనా?" అన్నాడు బాబాయి.

"ఒకటే."

ఆ మాట ఆవిడ అనకుండా ఉండాల్సింది. పాపం, కొత్త కదా, తెలియదు.

ఉప్పు తగ్గించమంటే బాబాయి ఉప్పూ తగ్గించాడు, తన తరఫున కారమూ తగ్గించాడు. దాంతో ఇంట్లోవాళ్ళందరం జ్వరం రాకుండానే పథ్యం తిన్నాం. నడవమంటే నడిచాడు, తన తరఫున ఈల వేస్తూ నడిచాడు. వీధి చివరికి వెళ్ళేసరికి వెనక నాలుగు కుక్కలు. మాత్ర విషయానికొచ్చేసరికి తిన్నగా మందుల షాపుకి వెళ్ళి, డాక్టరమ్మ రాసిన మాత్రలు తీసుకుని, అద్దాల బీరువాలో ఉన్న పెద్ద గోధుమరంగు సీసా చూపించాడు. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉంది.

"అదేమిటి?"

"మల్టీవిటమిన్ అండీ. డాక్టరుగారు రాశారా?"

"డాక్టరు రాసింది డాక్టరు తరఫున. ఇది నా తరఫున. ఇటివ్వు."

"బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చో లేదో ఓసారి అడిగి—"

"అడిగితే అది వాళ్ళ తరఫున అయిపోతుందయ్యా!"

అలా మొదలైంది. రోజూ పది గంటలకి, హోటలు దుప్పట్ల మొదటి విడత ఆరబెట్టే యంత్రంలోంచి బయటపడి అందరం టీకి ఆగినప్పుడు, బాబాయి లాండ్రీ మధ్యలో నిలబడి గ్లాసు పైకెత్తుతాడు. "ఇది డాక్టరమ్మ తరఫున," అని తెల్లమాత్ర. గుటక. "ఇది నా తరఫున," అని విటమిన్. ఇంకో గుటక, ఈసారి పెద్ద చప్పుడుతో. తర్వాత యుద్ధం గెలిచినవాడిలా మా అందరివైపూ ఓ చూపు.

దీన్ని ఆటపట్టించేది ఒక్క ఆవిరక్క. ఆవిరి బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆవిణ్ణి అందరం అలాగే పిలుస్తాం. యాభై దాటాయి గానీ, మా లాండ్రీలో పెద్ద ఇస్త్రీ పెట్టెని ఒంటిచేత్తో తిప్పేది ఆవిడొక్కతే. నోరు బాయిలరు కంటే వేడి. "అదిగో, మగ్గిన అరటిపండు మాత్ర మింగుతోంది!" అనేది. "నా ఒంట్లోకి ఇంతవరకూ ఒక్క మాత్ర పోలేదు. తలనొప్పి నన్ను చూస్తే పక్కవీధిలోంచి పోతుంది. మాత్ర మింగామంటే ముసలితనానికి తలుపు తీసి కుర్చీ వేసినట్టే, అన్నా!"

ఉతుకు యంత్రాల దగ్గర పనిచేసే అన్నదమ్ములిద్దరూ, వాళ్ళని మేం పెద్దుతుకు, చిన్నుతుకు అంటాం, పగలబడి నవ్వేవారు. బాబాయి కూడా నవ్వేవాడు. ఆయనకి ఎదురు మాట్లాడేవాళ్ళంటే ఇష్టం.

ఒకరోజు ఎండ మండిపోతోంది. లోపల బాయిలరు వేడి దానికి తోడైంది. ఆవిరక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, దుప్పట్ల మూట మీద కూలబడింది. నేను నీళ్ళు తీసుకెళ్ళేలోపే లేచి నిలబడి, "మూట మెత్తగా ఉందా లేదా అని చూశానే," అంది. మొహం మాత్రం ఉతికిన గుడ్డలా తెల్లగా పాలిపోయి ఉంది. బాబాయి ఆవిడవంక ఓసారి చూసి, "చెల్లెమ్మా, ఆవిరి గొట్టం పాడైంది. నాతో వచ్చి కొత్తది ఏరిపెట్టు," అని స్కూటరు తీశాడు. గొట్టాల విషయంలో ఆయన ఎవరి సలహా అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ రెండు గంటల తర్వాత తిరిగొచ్చారు, ఉత్త చేతులతో.

"గొట్టమేది బాబాయ్?"

"షాపు మూసేశాడు."

"మూసేసిన షాపు ముందు రెండు గంటలు నిలబడ్డారా?"

"ఒక గంట షాపు తరఫున," అన్నాడు బాబాయి కళ్ళు ఎటో తిప్పి, "ఒక గంట నా తరఫున."

మర్నాడు పది గంటలకి ఇంకో వింత జరిగింది. బాబాయి విటమిన్ మింగాక ఆవిరక్క చెయ్యి చాపి, "నాకూ ఓ విటమిన్ పడెయ్ అన్నా. బలానికి మంచిదట కదా," అంది. బాబాయి గోడవైపు తిరిగి, సీసాలో చెయ్యి పెట్టి, ఏదో తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గుటుక్కున మింగింది. అన్నదమ్ములు నోళ్ళు తెరిచారు.

"అక్కా, నువ్వూ మాత్రా!"

"ఇది మాత్ర కాదురా, విటమిన్. మాత్ర రోగులకి. విటమిన్ వస్తాదులకి. సీసా మీద బొమ్మ చూడు!"

మా ఆవిరక్క కూడా బాబాయి పార్టీలో చేరిపోయిందనుకున్నాను. అప్పటినుంచీ ఆ తతంగం రోజూ ఇద్దరిదీ అయింది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ బాబాయికి రక్తపరీక్ష చేయించింది. ఆ రోజు పిన్నీ నేనూ కూడా వెంట వెళ్ళాం. కాగితం చూసి ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

"బీపీ బానే ఉంది. పొటాషియం మాత్రం ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువుంది. మాత్ర కాకుండా ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను. మల్టీవిటమిన్. నా తరఫున."

తరఫుల గొడవ ఆవిడకి అర్థం కాలేదు, విటమిన్ అర్థమైంది. "చూడండి, విటమిన్లన్నీ చెడ్డవని నేననను. కానీ మీరు వేసుకునే బీపీ మాత్ర పొటాషియాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వదు. కొన్ని మల్టీవిటమిన్లలో ఖనిజాలూ కలుపుతారు, అందులో పొటాషియం ఉండొచ్చు. రెండూ కలిసి మరీ పెరిగితే గుండె కొట్టుకోవడం లయ తప్పుతుంది. సీసా తీసుకురండి, అందులో ఏముందో చదివి చెప్తాను. అందాకా ఆపెయ్యండి. నెల తర్వాత మళ్ళీ రక్తం చూద్దాం."

"ఆపను," అన్నాడు బాబాయి.

"ఏమండీ!" అంది పిన్ని.

"ఆపనంటే ఆపను. మీ మాత్ర మీద నేనేమైనా వంక పెట్టానా? ఏనాడైనా మానానా? నా మాత్ర జోలికి మీరెందుకు వస్తారు? ఈ ఒంట్లో అద్దెకుంటున్నది నేను. ఒక్క కిటికీ అయినా నాకు నచ్చినట్టు తెరుచుకోనివ్వరా?"

"కిటికీ తెరుచుకోండి. కప్పు మీద పడకుండా చూడమంటున్నాను," అంది డాక్టరమ్మ.

బాబాయి లేచి, తలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "సీసా కూడా చూపించను," అని ప్రకటించి వెళ్ళిపోయాడు.

ఆరోజునుంచి ఇల్లు ఇల్లులా లేదు. గుండె లయ తప్పుతుందన్న మాట పిన్ని చెవిలో గూడు కట్టుకుంది. రాత్రి బాబాయి నిద్రపోతుంటే ఆయన ఛాతీ మీద చెవి పెట్టి వింటోందట. "లయ బానే ఉంది గానీ, గురక తాళం తప్పుతోందే," అని నాతో చెప్పి, నవ్వబోయి, ఏడ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మొండితనం మీద నాకు ముద్దే ఎప్పుడూ, ఇప్పటికీ అంతే. ఎర్రగుండీ కుట్టే మనిషి లోకానికి ఒకడుండాలి. కానీ పిన్ని చేత ఇలా చెవి పెట్టించే మొండితనం నాకెందుకు?

"బాబాయ్, మానెయ్. పోనీ సీసా అయినా ఇయ్యి, నేను చూపించుకొస్తాను."

"ఇవ్వను."

"లేబుల్ అయినా చదవనియ్యి."

సీసా జేబులోంచి సగం పైకి తీసి చూపించాడు. కండల మనిషి బొమ్మా లేదు, అక్షరాలూ లేవు. లేబుల్ మొత్తం గోకేశాడు!

"ఇదేం పని?"

"చదివితే మీకు బీపీ వస్తుందని."

ఆవిరక్కని పట్టుకున్నాను. "నువ్వైనా చెప్పు అక్కా. నీ మాట వింటాడు. నువ్వు విటమిన్ మానేస్తే ఆయనకి తోడు పోతుంది, ఆయనా మానేస్తాడు."

ఎప్పుడూ మాటకి మాట విసిరే ఆవిడ, చేతిలో చొక్కా కాలరు ఇస్త్రీ చేసినచోటే మళ్ళీ చేస్తూ, "నేను మానితే ఎలాగే," అని గొణిగింది. మొండివాళ్ళిద్దరూ ఒకటయ్యారు, ఇక రాజు కూడా ఏం చేయలేడనుకుని నేను తిరిగి కౌంటరుకొచ్చాను.

పిన్ని సీసా దాచబోయింది. బాబాయి స్నానాల గదికి కూడా దాన్ని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. పిన్ని మాట్లాడ్డం మానేసింది. బాబాయి మాట్లాడ్డం మాని, తన తరఫున ఈల కూడా మానేశాడు. కుక్కలు రోజూ వీధి మొదట్లో కాసేపు ఎదురుచూసి పోయేవి.

రెండో రక్తపరీక్ష రోజు దగ్గరపడింది. ఆరోజు పది గంటలకి మేం టీకి ఆగామో లేదో, లాండ్రీ తలుపు ధడాలున తెరుచుకుంది. పిన్ని! ఆ లాండ్రీ గుమ్మం ఆవిడ ఎప్పుడూ తొక్కదు, బాయిలరంటే భయం. అలాంటిది బాయిలరు పక్కనుంచే గబగబా నడిచొచ్చి బాబాయి ఎదురుగా నిలబడింది. ఆయన అప్పుడే తెల్లమాత్ర మింగి, సీసా మూత తిప్పుతున్నాడు.

"ఆ సీసా ఇలా ఇవ్వండి."

"ఇవ్వను."

"ఇస్తారా, బాయిలర్లో దూకమంటారా?"

"దూకడం నీ తర—" అని, పిన్ని కళ్ళు చూసి, ఆ మాట సగంలో మింగేశాడు. సీసా మాత్రం తలమీదికి ఎత్తేశాడు. ఆయన తాటిచెట్టు, పిన్ని కుండీలో మొక్క. అయితే ఆవేళ ఆ మొక్క ఆగలేదు. బట్టల మూట మీదికెక్కి, మూట మీంచి ఇస్త్రీ బల్ల మీదికెక్కి, ఆయన మణికట్టు పట్టుకుని లాగింది. సీసా జారింది. మూత ఒకవైపు, సీసా ఒకవైపు, లోపలివన్నీ ఇస్త్రీ బల్ల తెల్లగుడ్డ మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

సగం తెల్లటి గుండ్రటి బిళ్ళలు. మిగతా సగం రేకుతో సహా ముక్కముక్కలుగా కత్తిరించిన గులాబీరంగు మాత్రలు.

పిన్ని బల్లమీదే మోకాళ్ళమీద కూర్చుని ఒక రేకుముక్క వెలుతురుకి పెట్టి చూసింది. "ఇది బీపీ మాత్రే. మా అక్కయ్యా ఇదే వేసుకుంటుంది. కానీ మీది కాదు."

"నాదే," అన్నాడు బాబాయి.

"మీది తెల్లగా ఉంటుంది. ఇది గులాబీరంగు."

"రంగు నా తరఫున."

చిన్నుతుకు నవ్వాపుకోలేక టీ గ్లాసులోకి తుమ్మాడు. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. మొహం ఎర్రబడిపోయింది. "విటమిన్ చాలక ఇంకొకళ్ళ బీపీ మందు కూడా మింగుతున్నారా? అవునా? ఎవరి ఉసురు పోసుకుందామని? నేనింక ఈ ఇంట్లో ఉండను. ఇప్పుడే చెప్తున్నాను, ఈ మాత్రలన్నీ తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్లమీద పోసి, అటునుంచి అటే మా అక్కయ్య ఇంటికి పోతాను!"

అని గులాబీ మాత్రలు గుప్పిట్లోకి ఊడ్చింది. బాబాయి నోరు తెరిచాడు. ఆశ్చర్యం, ఏ తరఫునా ఒక్క మాట రాలేదు. ఆవిరక్కవైపు చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. పెదవులు బిగించి, తిట్లు తినడానికి సిద్ధంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్కూటరు దిగి పోలీసు ఎదుట నిలబడ్డట్టే.

ఆవిరక్క ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"వదినా, ఆ మాత్రలు ఇలా ఇవ్వండి. అవి నావి."

"చెల్లెమ్మా, నువ్వూరుకో," అన్నాడు బాబాయి.

"నువ్వూరుకో అన్నా! ఎన్నాళ్ళు తింటావు నా తిట్లన్నీ నువ్వు?" అని, ఒక రేకుముక్క తీసుకుని, గులాబీమాత్ర నొక్కి తీసి, అందరికీ కనిపించేలా పైకెత్తి, బాబాయి గ్లాసే అందుకుని మింగింది. మింగి, అన్నదమ్ములవైపు తిరిగి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఏం, అలా చూస్తారేం? నాకు బీపీ ఉంది. మీ యజమాని కంటే ఎక్కువుంది. గొట్టం కొంటానని చెప్పి నన్ను క్లినిక్కుకి తీసుకెళ్ళింది ఈయనే. మాత్ర వెయ్యనంటే వెయ్యనన్నాను. అందరినీ మగ్గిన అరటిపళ్ళన్న నోటితో నేనెలా వేసుకోను? నలుగురికీ తెలిస్తే పని మానేస్తానన్నాను. 'తెలియనివ్వను, విటమిన్ సీసాలోంచి ఇస్తాను, వస్తాదులా వేసుకో,' అన్నాడు. ఇప్పుడు తెలిసింది. పని మానను. ఇస్త్రీ పెట్టె వదలను. నన్నెవడైనా మగ్గిన అరటిపండు అన్నాడా, వాడి ప్యాంటుకి మూడు మడతలు పెడతా, వాడు లోపలుండగానే!"

పెద్దుతుకు చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "అక్కా, నాకు షుగరుంది. నేను మాత్ర మరుగుదొడ్లో వేసుకుంటున్నాను."

"రేపటినుంచి ఇక్కడ వేసుకో," అంది ఆవిరక్క.

చిన్నుతుకు అటూ ఇటూ చూశాడు. "నాకేం లేదు," అన్నాడు, చాలా సిగ్గుపడిపోతూ.

పిన్ని ఇంకా బల్లమీదే ఉంది. కోపం ఎటు పోవాలో తెలియక ఆవిడ మొహంలోనే తచ్చాడుతోంది. చేతికి తగిలిన తెల్లబిళ్ళ ఒకటి తీసుకుని వాసన చూసింది. నాలుక కొసతో తాకింది. నోట్లో వేసుకుంది.

"ఏవండీ. ఇది పిప్పరమెంటు."

"కాదు," అన్నాడు బాబాయి.

"పిప్పరమెంటే! మరి విటమిన్లేవి?"

"వేసేసుకున్నాను. అన్నీ. ఒకేసారి." బాబాయి మెడ నరాలు ఉబ్బాయి. "నేను మానలేదు!"

"మానేశాడు వదినా," అంది ఆవిరక్క చల్లగా. "డాక్టరమ్మ వద్దన్న రోజే. ఆ సాయంత్రమే మిగిలినవన్నీ మందుల షాపువాడికి అప్పజెప్పి, లేబుల్ గోకి, పక్క కొట్లో పిప్పరమెంట్లు కొని పోశాడు. ఆ సీసా ఆగిపోతే నా మాత్రకి చాటు పోతుందని ఈ నాటకం."

"చెల్లెమ్మా!" బాబాయి గొంతులో ఎంత బాధ! "నీ గుట్టు నేను ఇన్నాళ్ళు దాచానే! నా గుట్టు నువ్వు ఇంతమందిలో ఇలా బయటపెడతావా? డాక్టరు చెప్పగానే మానేశానని తెలిస్తే నాకింక ఈ ఊళ్ళో విలువేముంటుంది?"

అప్పుడు నవ్వింది మా పిన్ని. బల్లమీద మోకాళ్ళమీద కూర్చుని, పిప్పరమెంటు చప్పరిస్తూ, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా నవ్వింది. "సరేనండీ, ఆవిరక్క గుట్టు ఆవిడది. కనీసం నాకైనా చెప్పొచ్చు కదా! ఛాతీమీద చెవి పెట్టి పడుకున్నానే!"

బాబాయి నేల చూశాడు. "చెబుదామనే అనుకున్నాను. నువ్వూ మానమన్నావు. మానమంటే మానేశానని నేనెలా చెప్పను?" అని, గోడవైపు తిరిగి, "చెవి పెట్టినప్పుడు నేను మేలుకునే ఉన్నాను. ఆ గురక నా తరఫున," అన్నాడు.

ఆ మాటకి పిన్ని బల్లమీదున్న పిప్పరమెంట్లన్నీ ఏరి ఆయనమీదికి విసిరింది. ఒక్కటీ గురి తప్పలేదు.

నాకు ఆ క్షణాన ఆయన్ని చూస్తే గర్వం పొంగుకొచ్చింది. తనని ఆటపట్టించిన మనిషి పరువు నిలబెట్టడానికి, ఇంట్లోనూ బయటా మూర్ఖుడనిపించుకున్నాడు. నిజం చెప్పాలంటే మూర్ఖుడే. కానీ అలాంటి మూర్ఖుడు ఇంకొకడుంటే నాకు చూపించండి, నా తరఫున వాణ్ణీ కొనుక్కుంటాను.

రక్తపరీక్షకి మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. కాగితం చూసి డాక్టరమ్మ మొహం వికసించింది. "పొటాషియం మామూలుకొచ్చేసింది! అంటే విటమిన్ మానేశారన్నమాట?"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. నావైపు చూశాడు, పిన్నివైపు చూశాడు. ఆ చూపు ఉరిశిక్ష పడ్డవాడి చూపు.

పిన్ని గొంతు సవరించుకుంది. "ఆయనా? మానడమా? మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారు డాక్టరుగారూ! చచ్చినా మాననన్నారు. నేనే బల్లెక్కి సీసా లాక్కోవలసొచ్చింది. కావాలంటే దీన్నడగండి."

"అవునండీ," అన్నాను. "నలుగురం పట్టుకున్నా ఆగలేదు."

బాబాయి వెన్ను నిటారైంది. ఛాతీ విరుచుకున్నాడు. ఆ కుర్చీలో అంత పెద్దమనిషి కూర్చోవడం డాక్టరమ్మ అదే మొదటిసారి చూసి ఉంటుంది.

"ఎలాగైతేనేం, మంచిదే," అంది ఆవిడ నిట్టూర్చి. "ఇకమీదట ఏదైనా కొత్తది వేసుకునేముందు నాకొక మాట చెప్పండి. నెలకొకసారి వచ్చి చూపించుకోండి."

"రాను," అన్నాడు బాబాయి.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నెలకి రెండుసార్లు వస్తాను. ఒకటి మీ తరఫున, ఒకటి నా తరఫున. ఆ రెండోసారి మా చెల్లెమ్మని కూడా వెంటబెట్టుకొస్తాను."